తెర కింద చెప్పులు

ప్రియమైన అక్కకి,

నీ పిచ్చుక రాస్తోంది. ఫోన్ చేద్దామంటే వదిన చెవి అంతా ఇటే ఉంటుంది. అందుకే ఉత్తరం.

తాళాలాయన నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. మా బస్టాండు ఎదురుగా తాళాలు బాగుచేసే కొట్టుంది చూడు, ఆయనే. భార్య పోయి చాలా ఏళ్ళయింది. నా టికెట్ల కిటికీ తాళం మొరాయించినప్పుడు వచ్చాడు. తరవాత అది మొరాయించకపోయినా వస్తున్నాడు.

అన్నయ్యకి చెప్పాను. "ఈ వయసులోనా? ఆఫీసులో నేను మొహమెలా చూపించను?" అన్నాడు. పెళ్ళి నాకా, వాళ్ళ ఆఫీసుకా? వదినేమో "మంచిదే గానీ, మరి పిల్లల్ని బడి నుంచి ఎవరు తీసుకొస్తారు?" అంది. మేనత్త "మనిషి మంచివాడే, కుడిచెవి వినపడదటగా పాపం" అంది. పక్క కిటికీలో టికెట్లిచ్చే ఆవిడ మాత్రం "చేసేసుకో, చేసేసుకో" అని ఒకటే గోల. ఆవిడ అందర్నీ చేసేసుకోమనే అంటుందిలే, తనొక్కత్తే ఇరుక్కుపోయానని బాధేమో!

అమ్మకి సేవ చేస్తూ నలభై దాటించేశాను. ఇప్పుడు తప్పటడుగు వేస్తే దిద్దుకునే టైము కూడా లేదు. నా బుర్ర పనిచెయ్యట్లేదక్కా. అమ్మ పోయాక నాకు అమ్మవి నువ్వే. నువ్వు ఊఁ అంటే ఊఁ, వద్దంటే వద్దు.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

ఇంతమందినెందుకు అడిగావే? నా కుట్టు కొట్టులో పద్ధతి నీకు తెలుసుగా. కుట్టిన బట్టలు వేసి చూసుకోవడానికి ఒకావిడ వస్తే, వెంట నలుగురు దిగుతారు. ఒకరు పొడుగంటారు, ఇంకొకరు వదులంటారు. నేను అందర్నీ తెర బయటికి పంపేస్తాను. అప్పుడావిడని చేతులెత్తమంటాను, కూర్చోమంటాను, వంగమంటాను. ఎక్కడ పట్టేస్తోందో చెప్పమంటాను. వేసుకునేది ఆవిడ కదా, చంకలో బిగిస్తే తెలిసేది ఆవిడకే. నువ్వూ వాళ్ళందర్నీ బయటికి పంపెయ్.

అయినా నన్ను అడిగావు గనక చెబుతున్నాను. తొందరపడకు. ఒక ఏడాది ఆగితే ఏం పోయింది? ఆయన కొట్టు మీద ఇరుకు గదుల్లో కాపురం, ఒంటిచెవి మనిషితో. రోజంతా కిటికీలో అరిచి, ఇంటికెళ్ళి కూడా అరుస్తావా?

మీ బావ పోయిన దగ్గర్నుంచి ఇక్కడ పైగది ఊరికే పడి ఉంది. మొన్న రంగు వేయించాను. కిటికీ పక్కన రెండో మిషను పెట్టించాను, అక్కడ వెలుతురు బావుంటుంది. ఉద్యోగం మానేసి వచ్చెయ్. బొత్తాలు కుట్టుకుంటూ, నా దగ్గరుండి, నిదానంగా ఆలోచించుకో.

నీ మేలు కోరే
అక్క

*

ప్రియమైన అక్కకి,

నువ్వన్నట్టే ఏడాది ఆగమని తాళాలాయనకి చెప్పేశాను. ఎడమచెవి నా వైపు తిప్పి అంతా విన్నాడు. "సరే" అన్నాడు. తిడతాడేమో అనుకున్నా, తిట్టినా బావుండేది.

నెలాఖరుకి ఉద్యోగం మానేసి వస్తాను. అన్నయ్య సంబరపడ్డాడు. వదిన ఇంకా పిల్లల గురించే అడుగుతోంది.

నిన్న కిటికీ తాళం మళ్ళీ మొరాయించింది. ఎవరికీ చెప్పలేదు.

నీ
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

ఎంత చల్లని మాట చెప్పావే! కిటికీకి నీలం తెర కుట్టాను, నీకిష్టమని. మంచం ఉత్తరం గోడకి వేయించనా, తూర్పు గోడకా? పొద్దున్నే ఎండ మొహాన పడితే నీకు చిరాకు కదా. నువ్వొస్తే సాయంత్రం కొట్టు కట్టేశాక ఇద్దరం కలిసి తింటాం. ఈ మధ్య నేను నిలబడే ఏదో ఇంత తినేస్తున్నాను.

తాళం గొడవ వదిలెయ్. ఎలాగూ మానేస్తున్నావుగా.

నీకోసం ఎదురుచూసే
అక్క

*

ప్రియమైన అక్కా,

నేను రావడం లేదు. కోప్పడకుండా చివరిదాకా చదువు.

రాజీనామా కాగితం పట్టుకుని పైఅధికారి గదికి బయల్దేరాను. చూస్తే నా కిటికీ దగ్గర తాళాలాయన! తాళం పాడైందని పక్క కిటికీ ఆవిడ కబురు పెట్టిందట. తల ఎత్తకుండానే అన్నాడు: "ఏడాది ఆగమన్నావు, ఆగుతాను. ఎన్నేళ్ళయినా ఆగుతాను. కానీ 'ఆగితే ఏం పోయింది' అన్నావే, నువ్వెప్పుడూ అలా మాట్లాడవు. ఆగమంటోంది నువ్వేనా?"

అది అచ్చంగా నీ మాట అక్కా. నా నోట్లోంచి నీ గొంతు వస్తుంటే ఇంతమందిలో ఆ చెవిటాయనకే వినపడింది.

ఇంటికొచ్చి నీ పద్ధతే పాటించాను. మనసులో తెర లాగి ఒక్కొక్కర్నీ బయటికి పంపాను. అన్నయ్యకి ఆఫీసులో పరువు కావాలి, వెళ్ళమన్నాను. వదినకి పిల్లల్ని తెచ్చే మనిషి కావాలి, ఆవిడనీ వెళ్ళమన్నాను. మేనత్త ఆవిడంతట ఆవిడే వెళ్ళింది. హమ్మయ్య అనుకుని కిందకి చూస్తే, తెరని ఆనుకుని ఒక జత చెప్పులు. ఎడమ మడమ అరిగినవి. నీవే.

నువ్వు నా చెడు కోరావని అనను, కళ్ళు పోతాయి. కానీ నువ్వు కొలతలు తీసింది నాకు కాదక్కా, ఆ పైగదికి. నీకు ఒంటరిగా ఉంది. ఆ ఒక్క మాట చెప్పకుండా ఇంకేవేవో చెప్పావు.

అన్నిటికీ నీ సలహా అడుగుతాను, ఇక ముందు కూడా. దీనికి మాత్రం అడగను. చేతులెత్తి చూశాను, కూర్చుని చూశాను, వంగి చూశాను. ఎక్కడా పట్టెయ్యలేదు. ఆయన్ని చేసుకుంటున్నాను.

నువ్వు తిట్టినా
నీ పిచ్చుకే

*

ప్రియమైన పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి ఒంటికాలి మీద లేచాను. వేలెడంత లేవు, నా తెర తీసుకుపోయి నన్నే బయట నిలబెడతావా అనుకున్నాను. జవాబు రాశాను, చింపేశాను. మళ్ళీ రాశాను, అదీ చింపేశాను. తరవాత పైకెళ్ళి ఆ రెండో మిషను ముందు కూర్చుని కడుపునిండా ఏడ్చాను.

నీ మంచికే చెబుతున్నానని నిజంగానే అనుకున్నానే. ఇంతమందికి బట్టలు కుట్టానా, నా చెప్పులు ఎక్కడున్నాయో నేనే చూసుకోలేదు. అవును, ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను. ఇదిగో, చెప్పేశాను. ఇది విని పరిగెత్తుకొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను.

కొట్టు ముందు కుట్టుమనిషి కావాలని బోర్డు పెట్టాను. ఒకావిడ వచ్చి బొత్తాలు కుట్టి చూపించింది. నీకన్నా చాలా నయం. పైగది కూడా చూసింది, నీలం తెర నచ్చిందట.

పెళ్ళి బట్టలు మాత్రం నేనే కుడతాను, ఇంకెవరైనా కత్తెర పట్టుకుంటే ఊరుకోను. గుడ్డ నువ్వే ఎంచుకో, రంగు ఏదని నన్నడక్కు. ఆయన్నీ తీసుకురా. ఏ చెవి వైపు కూర్చుని మాట్లాడాలో ముందే చెప్పు, నాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి.

బట్టలు వేసి చూసుకునేటప్పుడు తెర వేసేసి వీధిలోకి వెళ్ళి నిలబడతాను. చెప్పులు కూడా కనపడవు. ఎక్కడైనా పట్టేస్తే మాత్రం పిలువు. గట్టిగా పిలవాలి సుమా, దూరంగా ఉంటానుగా.

నీ
అక్క