నీళ్ళలో కొట్టుకుపోయిన గరిక

గురజాల,
12-11-2025, బుధవారం.

చిరంజీవి నజీమాకు వీరరాఘవమ్మ పెద్దమ్మ దీవెనలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వూ ఒంట్లో కులాసాగా ఉన్నావని తలుస్తాను. మిరప పూత మీద ఉంది. పత్తి మొదటి తీత అయింది. మొన్న నరసరావుపేట వెళ్ళి మీ బట్టల కొట్టు ముందు నుంచి వస్తుంటే మీ నాన్నగారు పిలిచి కూర్చోబెట్టారు. నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావని ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఒకే ఆఫీసయినా మా కీర్తన చెప్పలేదు.

ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు. ఎత్తినా ఇంత సంగతి ఫోనులో చెప్పడం నాకు చేతకాదు. పదో తరగతితో ఆగిన చెయ్యి, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీరిద్దరూ ఫోనులో అరుచుకున్న రోజు నేను వంటింట్లో ఉన్నాను. కీర్తన స్పీకరు పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి అంతా విన్నాను. అక్కడ రేవులో పడవల లంగర్లు ఈడ్చిన చోట సముద్రపు గడ్డి మళ్ళీ రాలేదని, ఖాళీలు ఇంకా పెద్దవవుతున్నాయని నువ్వు అన్నావు. మూడేళ్ళలో అవన్నీ పూడిపోతాయని కంప్యూటరు చూపిస్తోంది, నువ్వే తప్పు చోట కొలిచి ఉంటావని కీర్తన అంది. తెగిన ముక్కలు నాటుకోవడం లేదు, తేలి పోతున్నాయి, కళ్ళారా చూశానని నువ్వు చెబుతూనే ఉన్నావు. అప్పుడు అది అంది: “పేట బజార్లో మేడ మీద పెరిగినదానివి, నీకు గడ్డి సంగతి ఏం తెలుసే?” నువ్వు ఫోను పెట్టేశావు.

ఆ మాట దానికి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. సమర్థించడానికి కాదు.

మా వైపు గరిక పీకితే చేలో వదలం, గట్టు మీదా వదలం. గంపలకెత్తి మోసుకుపోయి నాపరాళ్ళ మీద పరుస్తాం. ఎండి పెళపెళలాడాక తగలబెడతాం. కీర్తన చిన్నప్పుడు మీ పెదనాన్న ఎవరి మాటా వినకుండా గరిక ఉన్న చేను చెక్కలో ట్రాక్టరుకు రోటవేటరు కట్టి తిప్పించాడు. తెగిన ప్రతి ముక్కా ఒక దుబ్బయింది. ఆ ఏడు అందులో మిరప వెయ్యలేకపోయాం. బడి నుంచి రాగానే ఇదీ గంప పట్టుకుని ముక్కలు ఏరేది. తెగిన గరిక చావదని అది పుస్తకంలో చదవలేదు, వేళ్ళతో నేర్చుకుంది.

దాని కంప్యూటరు పని నేను పక్కన కూర్చుని చూశాను. తెర మీద సముద్రపు అడుగంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. గడ్డి ఉన్న గడి పచ్చగా, ఇసుక గడి పసుపుగా ఉంటాయి. గడ్డి నెలకు ఎంత దూరం పాకుతుంది, ఎంత వెలుగు కావాలి, లంగరు తగిలితే ఎంత తెగుతుంది, తెగినదాంట్లో ఎంత మళ్ళీ నాటుకుంటుంది, ఇవన్నీ మనిషే చెప్పాలట. చెప్పి నొక్కితే మనం టీ తాగేలోపు పదేళ్ళు గడిచిపోతాయి. ఆ కడపటిది మాత్రం అక్కడ ఎవరూ కొలిచి పెట్టలేదట. మీ పెదనాన్నను అడిగింది. ముక్కలు చేస్తే గరికకు ఇంకా మంచిది అన్నాడాయన. అలాగే వేసింది. గళ్ళన్నీ పచ్చబడ్డాయి. ఆ బొమ్మ చూసి మీ సారు సంబరపడి, పడవలు ఆ రేవులోనే లంగరు వేసుకోవచ్చని కాగితం తయారు చేయించాడు.

మొన్న ఆదివారం కాలువ నీళ్ళ వంతు మాకొచ్చింది. కలుపుకు వచ్చిన సైదాబీ వాళ్ళు పీకిన గరికను బోదె కాలువ పక్కన కుప్ప వేసి అన్నాలకు కూర్చున్నారు. గట్టు తెగి నీళ్ళు కుప్పను ఎత్తుకుపోయాయి. సైదాబీ కంగారుగా లేచింది గానీ మీ పెదనాన్న నవ్వి, పోనీలే, వాగులో పడింది, పీడ వదిలింది అన్నాడు. “ఇన్నేళ్ళూ మా చేత గంపలు మోయించావు గదన్నా, నీళ్ళు వదిలితే పోయేదానికి” అంది సైదాబీ. ఆడవాళ్ళంతా నవ్వారు.

కీర్తన నాతో పాటు అన్నం క్యారేజీ తెచ్చి గట్టు మీద నిలబడి ఉంది. అది నవ్వలేదు.

“అదేంది నానా, కింద చేలో మొలవదా?” అని అడిగింది.

“మట్టిలో ఆగితే మొలుస్తది. ఆగకుండా పోతా ఉంటే ఏడ మొలుస్తది?”

“తెగిన ముక్క చావదంటివి గదా మరి.”

“మన చేను సంగతి చెప్పా. నువ్వు సముద్రం సంగతి అడిగావా ఏంది?”

అది క్యారేజీ నా చేతికిచ్చి బోదె వెంట వాగు దాకా నడిచిపోయింది. గరిక తేలుతూ పోవడం చూస్తూ చానాసేపు అక్కడే నిలబడిందని మేకల వాళ్ళు చెప్పారు. ఇంటికొచ్చి ఆ లెక్క మార్చి మళ్ళీ నొక్కింది. పసుపు గళ్ళు పూడలేదు, పెరిగాయి. నువ్వు నీళ్ళలో దిగి తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని చూసింది. ఖాళీలు నువ్వు చెప్పిన చోటే, నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. “అమ్మా, నజీమా చెప్పిందే నిజం” అంది. అన్నం మాత్రం తినలేదు.

ఆ రోజే మీ సారుకు రాసింది. తప్పు తనదని, నీ కొలతలు సరైనవని. ఆయన ఫోను చేసి కోప్పడ్డాడు. ఫైలు పైకి పోయిందట. వచ్చే సోమవారం మీటింగులో రేవు సంగతి తేలుస్తారట. కంప్యూటరు నిన్న ఒకటి, ఇవాళ ఒకటి చెబితే అధికారులు నమ్మరు, నీళ్ళలో దిగి చూసిన మనిషి వచ్చి చెబితే వింటారు, ఆ మనిషేమో రాజీనామా ఇచ్చి కూర్చుంది అన్నాడట.

అందుకని అడుగుతున్నాను. సోమవారం మీటింగుకు నువ్వు వెళ్ళాలి. రాజీనామా సంగతి తరవాత నీ ఇష్టం. కీర్తన మీద కోపం తీసేయమని నేను అనడం లేదు. ఉండాల్సిన కోపమే. కానీ ఆ కోపంతో నువ్వు ఇంట్లో కూర్చుంటే పడవలు అక్కడే ఆగుతాయి, గడ్డి పోతుంది. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు, అది నాచు కాదు పెద్దమ్మా, వేళ్ళూ పూలూ ఉన్న అసలు గడ్డి, చేపపిల్లలు అందులోనే పెరుగుతాయి అని అన్నం తింటూ చెప్పావు. పుట్టినప్పటి నుంచి గడ్డిని చంపడమే పనిగా బతికినవాళ్ళం. గడ్డి బతకాలని మా ఇంట్లో కూర్చుని చెప్పిన మనిషివి నువ్వొక్కదానివే. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

కీర్తన నీకు రాయబోయి చింపేస్తోంది. తప్పయిందనే మాట మా ఇంట్లో ఎవరికీ నోటికి తొందరగా రాదు. మీ పెదనాన్న ఆ రోటవేటరు గురించి ఈనాటికీ అనలేదు.

చలి మొదలైంది. తడి బట్టలతో పడవ మీద కూర్చోకు.

ఇట్లు,
నీ మంచి కోరే పెద్దమ్మ
వీరరాఘవమ్మ.

తా.క.: ఇది పోస్టులో వెయ్యలేదు. వేస్తే సోమవారానికి చేరుతుందో లేదో. గోంగూర పచ్చడి సీసాకు చుట్టిన పాత చీరగుడ్డ మడతలో పెట్టాను. సంచి తెచ్చింది కీర్తనే. ఈ కాగితం ఉందని దానికి తెలియదు. సంచి నీ గడపలో పెట్టి, మాట్లాడకుండా ఆ సాయంత్రం రైలుకే వెనక్కి వస్తానని నాతో చెప్పింది. తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు, నేను చూశాను. ఇది చదివేసరికి వీధి చివర దాటి ఉండదు. పిలువు. ఆ గడ్డిని తనే దిగి చూస్తానని పట్టుబడితే మాత్రం నీళ్ళలో దింపకు. దానికి ఈత రాదు.