రేడియో వాటా

2 అక్టోబర్ 1977, ఆదివారం

ఆరేళ్ల నుంచి కడుపులో పెట్టుకున్న మాట ఇది. ఇవాళ రాసేస్తున్నాను. మార్త టీచరమ్మ రాత్రిబడిలో నేర్పిన అక్షరాలు. ఒత్తులు తప్పితే తప్పనీ. చదివేవాడెవడూ లేడు.

మా పాలెం రేడియోని మా బావ పేరయ్య మూగదాన్ని చేసి కూర్చోబెట్టాడు.

ఆ రేడియో నాదీ కాదు, పేరయ్యదీ కాదు. పాలెంలో పడవలన్నీ కలిసి కొన్నది. వేట నుంచి వచ్చాక చేపలు పంచేటప్పుడు పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. రేడియో వచ్చిన నాటి నుంచి దానికీ ఒక వాటా. అదీ మాతో పాటు పనిచేసేది మరి. వలల పాకలో బల్ల మీద కూర్చుని సాయంత్రం వాతావరణం చెప్పేది. దగ్గర ఎవడుంటే వాడు బయటికొచ్చి తీరం పొడుగునా కేకెయ్యాలి. అది కట్టుబాటు. గాలి వస్తుందని చెబితే పడవ దిగేది కాదు. ఒక ఏడు దాని మాట విని మేం ఆగిపోయాం. వినే దిక్కులేని పక్క పాలెం వాళ్లు వెళ్లారు. ముగ్గురు తిరిగి రాలేదు.

ఆరేళ్ల కిందట దాని గొంతు పోయింది. పేరయ్య పాలేనికి పెద్ద. ఈ వేటకాలం పోనీ బావా, బెజవాడ తీసికెళ్లి చూపిద్దాం అన్నాడు. ఆ కాలం పోయింది. తరవాతి కాలాలూ పోయాయి. వాటా మాత్రం ఆగలేదు. ప్రతి పడవ నుంచీ రేడియో పేరు చెప్పి చేపలు తీస్తున్నారు. గంప పేరయ్య ఇంటికి పోతోంది. మూగదాని పేరున పులుసు కాగుతోంది.

ఇవాళ పేరయ్య కొడుకు నాగులు కొత్త మాట తెచ్చాడు. బెజవాడలో అందరూ పాత రేడియోలని స్పీకర్లు చేయించుకుంటున్నారట. లోపలి సామానంతా పీకేసి, పెట్టెలో కొత్త స్పీకర్లు బిగించి, టేప్ రికార్డర్‌కి తగిలిస్తారట. మనది టేకు పెట్టె మావయ్యా, ఇలాంటి చెక్క ఇప్పుడు దొరకదు, స్టీరియో పెడితే పాలెం అదిరిపోద్ది అన్నాడు.

పెట్టె బాగుందట. అందుకని కడుపు కోస్తాడట.

5 అక్టోబర్

పడవకి తారు పూసి వచ్చేసరికి బల్ల ఖాళీ. నాగులు ఉప్పు లారీ ఎక్కించి బెజవాడ తీసికెళ్లాడట. నన్ను అడగలేదు. ఎవర్నీ అడగలేదు.

7 అక్టోబర్, శుక్రవారం

బెజవాడ వెళ్లాను. చల్లపల్లి దాకా నిలబడే. ఆ తరవాత ఒకామె కోళ్లగంప ఒళ్లో పెట్టుకుని చోటిచ్చింది.

వన్ టౌన్‌లో అల్లాబక్ష్ గారి షాపు. కనుక్కుని వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. గుమ్మంలోనే ఆగిపోయాను. గోడ పొడుగునా పాత రేడియో పెట్టెలు. లోపల ఏమీ లేదు. మా ఆడవాళ్లు పేగులు తీసి వరసగా ఆరేసిన చేపల్లాగున్నాయి. ఇంకోపక్క తట్టలో పేగులు. తీగలూ గాజుబుడ్లూ చుట్టలూ.

మనది ఇంకా కొయ్యలేదు. పక్కన తారు మరక చూసి గుర్తుపట్టాను. అది నా చెయ్యి అంటించిందే.

అల్లాబక్ష్ గారు మాటకారి. రండి పెద్దాయనా, ఏం చేయించాలి, స్టీరియోనా, ఆంప్లిఫయరా అన్నాడు. ఏమీ చెయ్యొద్దని చెప్పడానికొచ్చాను అన్నాను. అట్టాంటి బేరం మా షాపులో ఇదే మొదటిదండీ అని నవ్వాడు. ఈ సెట్టు నాగులు గారిది, అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారు అన్నాడు. నాగులు ఎవడు, వాడిదీ ఒక వాటా, దీనిదీ ఒక వాటా, ఒక వాటాదారుడు ఇంకో వాటాదారుణ్ణి కోయిస్తాడా అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పాను. టీ చల్లారిపోయింది.

అప్పుడు అసలు సంగతి అడిగాను. సాయిబుగారూ, ఒక్క మాట చెప్పండి, ఇది చచ్చిందా, జబ్బు పడిందా?

వెనక అట్ట విప్పి, కరెంటు తగిలించి, చెవి ఆనించాడు. లోపల ఒక బుడ్డి ఎర్రగా వెలిగింది. గుండె కొట్టుకుంటోంది పెద్దాయనా, మాటే రావట్లేదు, పక్షవాతం అన్నాడు. నయమవుద్దా అంటే, అవుద్ది, కానీ ఎందుకండీ ఈ తలనొప్పి, రెండు వాల్వులు, అంటే ఇట్టాంటి బుడ్లు, వెతకాలి, తుప్పు గోకాలి, వారం పని, అదే స్పీకరయితే ఒక్క పూటలో బిగించి పంపిస్తా, రోజుకి నాలుగు కోస్తున్నా అన్నాడు. నాకు అబద్ధం చెప్పలేదు. అది నచ్చింది.

మీరూ మీరూ తేల్చుకుని ఒక్క మాట మీదికి రండి, అప్పటిదాకా చెయ్యి పెట్టను అన్నాడు.

జబ్బు. చావు కాదు. బస్సులో తిరుగుదారంతా ఇదే అనుకున్నాను.

9 అక్టోబర్

మా ఆవిడ సన్యాసమ్మ రెండు రోజులు అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. ఎంతైనా పేరయ్య చెల్లెలు. ఇవాళ నోరు విప్పింది. ఆ చెక్కపెట్టె కోసం బెజవాడ పరిగెత్తావు, రేపు నా గొంతు పోతే నన్నూ అట్టాగే తీసుకెళ్తావా అంది. నీ గొంతు పోవడం నా అదృష్టంలో లేదు అన్నాను. గరిటె విసిరింది. నవ్వుతూనే విసిరింది.

14 అక్టోబర్

నాగులు ఇంటికొచ్చి అరుగెక్కాడు. చొక్కా జేబులో ట్రాన్సిస్టర్, అరచేయంత. ఏంటి మావయ్యా, షాపు దాకా వెళ్లి నా పరువు తీశావట, ఇంకా ఆ డొక్కు దేనికి, వేడెక్కడానికే అరగంట పట్టేది, ఇప్పుడు వాతావరణమంతా నా జేబులో ఉంది చూడు అన్నాడు.

నీ జేబులోది నీకే వినపడుద్దిరా అన్నాను.

అందరూ తలా ఒకటి కొనుక్కుంటారు అన్నాడు. అన్వరీ చిల్లరకొట్టు దగ్గర బాకీ తీరని వాడు కూడా కొంటాడా, కొన్నా వాడు పాటల దగ్గర తిప్పుతాడా, వాతావరణం దగ్గర తిప్పుతాడా అన్నాను. నువ్వు మారవు మావయ్యా, నీకూ నీ పెట్టెకీ ఒకేసారి తుప్పు పట్టింది అన్నాడు.

తుప్పు గోకితే పోద్దని సాయిబుగారు చెప్పాడు. వాడికి చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

23 అక్టోబర్, రాత్రి

నిన్న సాయంత్రం నాగులు ట్రాన్సిస్టర్‌లో చెప్పారట, రాత్రికి సముద్రం మీద గాలి ఎక్కువని. వాడు విన్నాడు. వాడి పడవ దిగలేదు. ఆ తరవాత అత్తగారి ఊరు వెళ్లిపోయాడు. ఎవడికీ చెప్పలేదు.

మిగతా పడవలు దిగాయి. మా తమ్ముడి కొడుకు పడవ తెరచాప చిరిగి, కొయ్య విరిగి, తెల్లారి ఎక్కడో ఇసక మీద పడింది. మనుషులు దక్కారు. వాడి చెయ్యి వాచి బూరెలాగుంది.

నాగులు చెడ్డవాడు కాదు. వచ్చి వాడి చెయ్యి చూసి ఏడ్చాడు. మర్చిపోయాను మావయ్యా, బస్సు టైమైంది, చెప్పాలని తట్టలేదు అన్నాడు. నేను నమ్మాను. జేబులో రేడియో ఉన్నవాడికి కేకెయ్యాలని తట్టదు. పాకలో రేడియో దగ్గర కూర్చున్నవాడికి కేకెయ్యక తప్పదు. వాడు మంచివాడా చెడ్డవాడా అన్న పేచీయే లేదు.

ఇంత జరిగినా స్పీకర్ మాట మానలేదు. దానికీ దీనికీ ఏంటి సంబంధం అంటాడు.

30 అక్టోబర్, ఆదివారం

వలల పాకలో పాలెమంతా కూర్చుంది. నేనే పిలిపించాను.

లేచి నిలబడి అడిగాను. మన కట్టుబాటు ఏంటి? పడవలో మనిషి జబ్బు పడితే వాడి వాటా ఆపం. వాడు లేచేదాకా ఇంటికి పంపిస్తాం, వైద్యం చేయిస్తాం. చచ్చిపోతే వాటా ఆపి, కర్మ చేసి, వాడి చోట ఇంకో మనిషిని తీసుకుంటాం. అవునా? అవునన్నారు. అయితే చెప్పండి. రేడియో చచ్చిందా, జబ్బు పడిందా?

పేరయ్య పడీపడీ నవ్వాడు. రేడియోకి జబ్బేంటి బావా, జలుబా, జ్వరమా అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను.

అయితే చచ్చిందంటావా అన్నాను. చచ్చే ఉంటది, ఆరేళ్లయింది కదా అన్నాడు. అట్టాగయితే ఆరేళ్ల నుంచి శవం వాటా నీ ఇంట్లో ఎందుకు ఉడుకుతోంది బావా అన్నాను.

నవ్వు ఆగిపోయింది.

పేరయ్య ముఖం కందగడ్డ అయింది. జబ్బే అనుకో, అన్నాడు. జబ్బు మనిషిని కోసి చర్మంతో డప్పు చేయిస్తావా అన్నాను. అప్పుడు నాగులు లేచాడు. పాకలో పెడితే స్పీకరయినా పాలెమంతా వింటది కదా మావయ్యా అన్నాడు. ఏం వింటది, నువ్వు టేపు పెట్టిన పాట వింటది, సముద్రం మాట వినదు అన్నాను. కొందరు అవునన్నారు. కొందరు పాటలు కావాలన్నారు, వాళ్లలో మా తమ్ముడి కొడుకొకడు, వాచిన చెయ్యి ఎత్తి మరీ.

ఆలోచిద్దాం అని పేరయ్య లేచిపోయాడు. ఆలోచిద్దాం అంటే ఆరేళ్లని నాకు తెలుసు.

4 నవంబర్

ఇవాళ మా పడవ రేడియో వాటా పేరయ్య గంపలో వెయ్యనివ్వలేదు. సొరచేప పిల్లలూ సావడాయి చేపలూ. ఉప్పు పట్టించి మా వాకిట్లో ఆరేశాను. ఎవడడిగినా ఒకటే జవాబు. జబ్బు మనిషి వాటా వైద్యానికి పోద్ది.

సన్యాసమ్మ కాకుల్ని తోలుతోంది. అన్నగారి కోసం కాదు, నా కోసం కాదు, చేప పాడవకూడదని అంటోంది.

7 నవంబర్

ఇంకో మూడు పడవల వాళ్లు తెచ్చి మా వాకిట్లో పడేశారు. ఒకడు సిగ్గుపడి చీకటి పడ్డాక తెచ్చాడు. పగలే తెమ్మన్నాను.

10 నవంబర్, గురువారం

ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని బెజవాడ. బస్సు కండక్టరు టాపు ఎక్కించమన్నాడు. గంపకి రేడియో పేరున టికెట్టు కొంటానన్నాను. నన్ను పిచ్చివాడనుకున్నాడు. గంప టాపు ఎక్కింది.

షాపులో గంప దించగానే స్టీరియో బేరానికొచ్చిన ఇద్దరు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు. పెద్దాయనా నా షాపు ముంచుతున్నావు అని అల్లాబక్ష్ గారు లబోదిబోమన్నాడు. ఇది నేను తెచ్చింది కాదు, రేడియో తన వాటాతో తన వైద్యం తానే చేయించుకుంటోంది అన్నాను. ఆయన లోపలికి కేకేశాడు. ఆయన ఇంటావిడ దిల్షాద్ బేగం గారు వచ్చి, ఒక చేప తీసి విరిచి, వాసన చూసి, ఉప్పు సమంగా పట్టింది అని గంప లోపలికి పట్టుకుపోయింది. బేరం అయిపోయింది.

ఇంకో మాట. ఆయన ఊరుకోలేక ఈలోపే ఒక వాల్వు ఎక్కడో సంపాదించి పెట్టి చూశాడట. నా ముందు మళ్లీ పెట్టాడు. ముందు గుర్రుమంది. వేడెక్కేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. తరవాత మాట్లాడింది. ఆరేళ్ల తరవాత దాని నోటి మొదటి మాట, మిరపకాయల ధర. క్వింటాలు ఎంతో చెప్పబోయి మళ్లీ ఆగిపోయింది.

నా చెవులతో విన్నాను. బతికుంది.

ఇంకో వాల్వు వస్తే పూర్తిగా పలుకుద్ది అన్నాడు. కానీ నాగులు ఇరవై ఒకటో తారీకు సోమవారం కొత్త స్పీకర్లు తీసుకుని వస్తున్నాడట, ఆ రోజు కోసి తీరాలన్నాడట. ఊరిపెద్ద మాట తెస్తే అడ్వాన్స్ వెనక్కిచ్చేస్తాను, తేకపోతే నేనేం చెయ్యను పెద్దాయనా, నాదీ పొట్టే అన్నాడు. అదీ నిజమే.

13 నవంబర్, ఆదివారం

పేరయ్య ఇంటికెళ్లి గుమ్మంలో నిలబడి చెప్పాను. మాట్లాడింది బావా, నేను విన్నాను అన్నాను. ఏమంది అన్నాడు. మిరపకాయల ధర చెప్పింది అన్నాను. మనకి మిరపతోటలున్నాయా అని నాగులు లోపలి నుంచి అరిచాడు. ఇంట్లోవాళ్లు నవ్వారు.

పేరయ్య నవ్వలేదు. కొడుకు వంక చూశాడు. తుపాన్ల నెల కదా అని మాత్రం గొణిగాడు. అది పేరయ్య నోటి నుంచి వచ్చింది, నేను అనిపించలేదు.

వచ్చే ఆదివారం తేల్చుకుందాం అన్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ వారం పేరు చెప్పినవాడు కాదు.

15 నవంబర్, మంగళవారం

ఇరవయ్యో తారీకు ఆదివారం. వలల పాక. పాలెంలో ప్రతి మనిషీ రావాలి, పంతొమ్మిదో తారీకు శనివారం రాత్రి ఎవడూ వేటకి దిగకుండా పాలెంలోనే ఉండాలి అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. బల్ల కడిగి ఉంచాను.

చచ్చిందా, జబ్బా? ఒక్క మాట చెప్పండి. ఆదివారం పొద్దు గుంకేలోపల నాకు జవాబు కావాలి.

ఆలోచిద్దాం అంటే ఒప్పుకోను.