పెద్దాయన రాసిన వరుసలు

అక్కకి,

ఫోన్‌లో రెండుసార్లు అడిగావు, "గొంతేంటే అలా ఉంది?" అని. జలుబన్నాను. జలుబు కాదక్కా. నోటితో చెప్పలేక కాగితం పట్టుకుని కూర్చున్నాను. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టు, బావకి మాత్రం చెప్పకు.

మా ఆఫీసులో ఏడుగురం ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ రాస్తామని నీకు తెలుసుగా. మొన్నమొన్నటిదాకా ఎవరి కోడ్ వాళ్ల కంప్యూటర్‌లోనే ఉండేది. పెన్‌డ్రైవ్‌ల మీద ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఒకే ఫైల్‌ని ఇద్దరు మారిస్తే, తర్వాత కాపీ చేసినవాళ్లది నిలిచేది, ముందువాళ్లది గాల్లో కలిసిపోయేది. నా పక్క సీటు ఆవిడ మూడు వారాల పని అలాగే పోయింది. బాత్రూంలోకెళ్లి ఏడ్చింది పాపం. అప్పుడు మేనేజర్ నన్ను పిలిచి అందరికీ కలిపి ఒక రిపాజిటరీ పెట్టమన్నాడు. అంటే కోడంతా ఒకేచోట ఉంటుంది. ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో, ఎందుకు మార్చారో అది గుర్తు పెట్టుకుంటుంది. ఇక ఎవరి పనీ పోదు. ఎగిరి గంతేశాను.

పాత కోడంతా పెద్దాయనది. మాలో అందరికన్నా వయసులో పెద్ద, మేమంతా అలాగే పిలుస్తాం. పదకొండేళ్లుగా రోగుల చీటీల దగ్గర్నుంచి ఆపరేషన్ వేళల దాకా అన్నీ ఆయన చేత్తో రాసినవే. నాకు పని నేర్పిందీ ఆయనే. కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు. తప్పెక్కడుందో తెలిసి కూడా చెప్పకుండా, నేనే కనుక్కునేదాకా ఓపిక పట్టేవారు. తన కోడ్‌ని తారీఖులవారీగా మూడొందల పైచిలుకు ఫోల్డర్లలో దాచుకున్నారు. ఒక్కొక్కటీ ఆయన పేరు మీద వరుసగా ఎక్కిస్తే పదకొండేళ్ల కష్టమూ కనపడేది. రోజులు పట్టే పని. మేనేజరేమో సోమవారానికల్లా కావాలన్నాడు. చివరి ఫోల్డర్‌లో అప్పటిదాకా రాసిందంతా ఉంటుంది కాబట్టి, అదొక్కటే తీసుకుని ఒక్కసారే ఎక్కించేశాను. ఎక్కించింది నేను కాబట్టి ప్రతి వరుస పక్కనా నా పేరు పడింది. చూశాను. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను.

ఐదు నెలలు తిరక్కుండానే ఒక మనిషిని తగ్గించమని పైనుంచి వచ్చింది. ఎవరెన్ని వరుసలు రాశారని మేనేజర్ రిపాజిటరీ నుంచి జాబితా తీశాడు. అందరికన్నా పైన నేను, అట్టడుగున పెద్దాయన. ఈ ఐదు నెలలూ ఆయన మా సీట్ల దగ్గరికొచ్చి మా తప్పులు దిద్దుతూ తిరిగారు. అవీ మా పేర్ల మీదే పడ్డాయి.

మేనేజర్ గదిలోకి పిలిచి జాబితా నా ముందు పెట్టాడు. "మొత్తం నువ్వే మోస్తున్నావన్నమాట! ఇకనుంచి టీమ్ లీడ్‌వి నువ్వే" అన్నాడు. ఇంట్లో వాగుడుకాయనని పేరు నాకు. ఆ గదిలో మాత్రం "థాంక్యూ సార్" అన్నాను. అంతే అన్నానక్కా.

రెండు రోజుల తర్వాత పెద్దాయన టిఫిన్ డబ్బా, కళ్లజోడు పెట్టె సంచిలో వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి "జాగ్రత్తగా చెయ్యి తల్లీ" అన్నారు. తలెత్తలేకపోయాను.

నేనిక అక్కడ ఉండలేను. రాజీనామా చేసేస్తాను. ఏమంటావో రాయి.

నీ చెల్లి


అక్కా, మా అక్కా,

"ముందు నిజం చెప్పు, ఆ తర్వాత రాజీనామా సంగతి చూద్దాం" అని రాశావు. నీ ఉత్తరం అందిన మర్నాడే చెప్పాను.

"సార్, ఆ కోడ్ నాది కాదు. పెద్దాయనది."

మేనేజర్ కంప్యూటర్ మీంచి కళ్లు కూడా తిప్పలేదు. "తెలుసు" అన్నాడు.

"తెలిసి కూడా..."

"ఎవరో ఒకరిని తియ్యాలమ్మా. పైవాళ్లకి చూపించడానికి ఒక కాగితం కావాలి. పంపేముందు నీకు చూపించానా లేదా? అప్పుడు నువ్వొక్క మాటంటే అది పంపేవాణ్ణి కాదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆ పోస్టే తీసేశారు."

పెద్దాయన పాత కంప్యూటర్ ఇంకా స్టోర్ రూంలోనే ఉంది. నెలన్నర పాటు శని, ఆదివారాలు వెళ్లి ఒక్కో ఫోల్డరూ తీసి, ఆయన పేరుతో, ఆయన తారీఖులతో మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాను. పాత కాపీలు ఇక పనికిరావని అందరి చేతా కొత్తవి తీయించాను. మేనేజర్ వద్దనలేదు, ఎందుకనీ అడగలేదు. ఇప్పుడు ఆ పాత కోడ్‌లో ఏ వరుస చూసినా ఆయన పేరే. ఆ పేజీలు ప్రింటు తీసుకుని నిన్న వాళ్లింటికి వెళ్లాను.

తలుపు తీసింది ఆయన భార్య. ఆఫీసు నుంచి వచ్చాననగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మళ్లీ రమ్మంటున్నారా?" అని అడిగింది. కాదన్నట్టు తలూపాను. లోపలికెళ్లిపోయింది.

పెద్దాయన సన్నబడ్డారు. ఈలోగా నాలుగు చోట్లకి వెళ్లొచ్చారట. అన్నిచోట్లా వయసు అడిగి, కబురు చేస్తామన్నారట. కళ్లజోడు పెట్టుకుని పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. ఒక తారీఖు మీద వేలు పెట్టి, "ఈ రోజు ఒళ్లు కాలిపోయే జ్వరం. అందుకే ఇన్ని తప్పులు" అని నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపాగలేదు.

"క్షమించండి సార్. తొందరలో పేరు సంగతి చూసుకోలేదు" అన్నాను. అక్కా, ఆ మనిషి ఎదుట కూడా అబద్ధమే ఆడాను.

"ఎక్కించిన రోజే చూశాను తల్లీ" అన్నారు.

"మరి నన్ను అడగలేదేం సార్?"

ఆయన కాగితాలు అంచులు కలిపి నా చేతిలో పెట్టేశారు. "నువ్వే చెప్తావనుకున్నాను" అన్నారు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

రాజీనామా రాశాను. వారం రోజులుగా బ్యాగులోనే ఉంది. ఇస్తే మాత్రం ఆయనకి ఒరిగేదేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. అది కాదు కారణమని నీకూ తెలుసు. ఆయన తిరిగినట్టు నాలుగు గుమ్మాలు తిరగాలంటే భయమక్కా నాకు. అంతకన్నా ఏమీ లేదు.

రేపు తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలి. నా సీటు మార్చారు. ఆయన కూర్చునే చోట వేశారు.

నీ చెల్లి