రెండంగుళాలు

ప్రియమైన బావకి,

అదే నేనూ అంటున్నది. బండి నీది, రోడ్డు నీది, సరదా నీది. మధ్యలో నేనెవర్ని? పద్నాలుగేళ్ళు ఆ కారు కింద వెల్లకిలా పడుకున్నవాణ్ణి, అంతే. దాని పొట్ట నాకు తెలిసినంత బాగా నీ పొట్ట నీకు తెలీదు, అదేం చిన్నది కాకపోయినా.

నువ్వు రాసిన ముక్క మళ్ళీ చదివాను. "ఇక్కడ టైర్ల షాపాయన ఒకాయనున్నాడు, నెమ్మదస్తుడు. కారు రెండంగుళాలు కిందికి దించి కొత్త చక్రాలు వేస్తానన్నాడు. స్ప్రింగులు కోయించాలా, పొట్టివి తెచ్చి వేయించాలా, నువ్వేమంటావు?" అని. నేనేమంటాను బావా. ఆ పని చేయించుకునేది కాలేజీ కుర్రాళ్ళు. మీసం మొలిచిన వారానికి మొదలై ఉద్యోగం దొరికే దాకా ఉండే జబ్బది. నీకు యాభై తొమ్మిదేళ్ళకొచ్చింది. సర్వే ఆఫీసులో నేల కొలిచీ కొలిచీ నేలకి దగ్గరవ్వాలనిపించిందేమో.

అక్కని ఫోన్లో అడిగితే, "మీ బావ సరదా పడుతున్నాడు, పడనీరా" అంది. నేను సరదా పడి జులపాలు పెంచితే మూడు రోజులు అన్నం ముందు మాట్లాడని మనిషి.

మీరు ఆ ఊరు వెళ్ళి రెండేళ్ళయింది. సర్వీసింగుకి ఇంత దూరం తేలేవు, అర్థం చేసుకున్నా. నూనె ఎవరో మార్చారు, ఊరుకున్నా. బ్రేకులు ఎవరో చూశారు, పళ్ళు కొరుక్కుని ఊరుకున్నా. ఇప్పుడు స్ప్రింగుల దాకా వచ్చారు. అవి నేను వేసినవి. కోయాలా వద్దా అని నన్నే అడుగుతున్నావు. నీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

చక్రాల మీద అంత అధికారం ఉన్న ఆ చక్రవర్తిగారినే అడుగు. నేను చెప్పను.

ఇట్లు,
ఒకప్పటి మెకానిక్కు, ఇప్పటికీ బామ్మర్ది,
పానా

*

ప్రియమైన పానాకి,

కవరు మీద గ్రీజు వేలిముద్ర చూడగానే లోపల ఎంత కారం ఉందో తెలిసిపోయింది. అయినా రెండుసార్లు చదివాను. మీ అక్కకి పైకి చదివి వినిపించాను. జులపాల దగ్గర నవ్వింది.

పని అయిపోయింది. నువ్వు పెట్టిన పేరే బాగుంది కనక మేమూ ఆయన్ని చక్రవర్తి అనే అంటున్నాం. పాపం ఆయన కోసేముందు కూడా, "మీ బామ్మర్దిగారిని ఇంకోసారి అడగండి సార్, ఈ బండికి ఆయన చెయ్యి అలవాటు" అన్నాడు. నీ ఉత్తరం చూపించాను. చదివి, మడిచి, నాకు తిరిగిచ్చి, రంపం తీశాడు.

స్ప్రింగుల్లో ఒక అంగుళం తగ్గించాడు. పాత లావు టైర్లు తీసేసి పలచటి టైర్లు, తళతళలాడే అలాయ్ చక్రాలు వేశాడు. అందులో ఇంకో అంగుళం తగ్గింది. అప్పుడు డ్రైవరు పక్క సీటు వైపు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, నేల నుంచి సీటు దాకా టేపు పెట్టాడు. పంతొమ్మిది అంగుళాలు. "సరిగ్గా వచ్చింది సార్" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం నువ్వు చూడాల్సింది. నీకు నచ్చేవాడు. నచ్చినందుకు ఇంకా కోపమొచ్చేది.

ఇంట్లో కూడా చిన్న పనులు చేయించాం. వీధి గడప తీయించి నేల చదును చేయించాం. వంటగట్టు ఓ అడుగు దింపించాం. మీ అక్కకి ఇలాగే బాగుందట.

ఒక్కటే ఇబ్బంది. గుంతలో పడితే కిందనుంచి దడ్ మని తగులుతోంది, నడుము దాకా తెలుస్తోంది. దీనికి మందు నీకు తెలిసే ఉంటుంది. ఒక్క ముక్క రాయి. ఒకటో తారీకు నుంచి పది రోజులు నేను మామూలుగా క్యాంపులో ఉంటాను, ఆలోపు రాస్తే మంచిది.

నీ,
బావ

*

ప్రియమైన బావకి,

ఉత్తరంతో పంపిన కారు ఫోటో అందింది. గోడకి అంటించాను. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "బురదలో కూర్చున్న గేదెకి వెండి గజ్జెలు కట్టినట్టు లేదూ?" అని అడుగుతున్నా. ఎదురు షాపాయన ఒక్కడే బాగుందన్నాడు. ఆయనతో మాటలు మానేశాను.

గడప తీసేశారు. వంటగట్టు దించారు. కారు దించారు. ఇంక మీ ఇంట్లో దించడానికి మిగిలింది నేనొక్కణ్ణే. ఆ పనీ చక్రవర్తిగారికే అప్పగించు, టేపు పెట్టి సరిగ్గా దించుతాడు.

మందు తెలుసా అంటున్నావు. తెలుసు. ఆ కారు నా షెడ్డుకి మొదటిసారి వచ్చిన రోజు నీకు గుర్తుండదు, నువ్వు కుర్చీలో నిద్రపోయావు. అక్క టైరు మీద కూర్చుని పానాల మీద నంబర్లు చదివి అందించింది. నేను పదమూడు అడిగితే పదిహేడిచ్చి, "నీకు కావాల్సింది ఇదేరా, అడగడం చేతకాక" అంది. నిజంగానే కావాల్సింది పదిహేడే. ముందు సీట్లో కూర్చుంటే రోడ్డు కనపడట్లేదని ఆ రోజు ఒకటే గొడవ. నేను తనకంటే రెండు మూరలు పొడవు, నాకేం తెలుస్తుంది తన బాధ అని. దానికీ ఏదో మందు వేసే పంపాను. అది నాకూ ఆ కారుకీ మాత్రమే తెలుసు. నీకూ తెలీదు, చక్రవర్తికీ తెలీదు.

అక్కడ పానాలెవరు అందించారు? అక్క వెళ్ళి కూర్చుందా? కూర్చునే ఉంటుంది. ఆయన నెమ్మదస్తుడాయె. నాలాగా వంకర మాటలు మాట్లాడడు.

దడ్ మని తగులుతోందంటే కోసినాయన్నే అడుగు. నేను చెప్పను అంటే చెప్పను.

ఇట్లు,
దించబోయే బామ్మర్ది,
పానా

*

ప్రియమైన పానాకి,

అవును, మీ అక్క అక్కడ కూర్చుంది. మొదట్నుంచి చివరిదాకా కూర్చునే ఉంది.

ఇప్పుడు మాత్రం మూడు వారాలుగా కారు ఎక్కట్లేదు. వారానికి రెండుసార్లు వెళ్ళే పని ఉంది తనకి, ఎదురింటి టీచరమ్మ తీసుకెళ్తానంటుంది, ఈమె వద్దంటుంది. ఎక్కినన్నాళ్ళూ గుంత వచ్చేలోపే కళ్ళు మూసుకునేది, పైకి ఏమీ అనేది కాదు. అనకపోవడం ఆమెకి అలవాటని నీకు తెలుసు.

చక్రవర్తి రెండుసార్లొచ్చి చూశాడు. పలచటి టైరులో గాలి తక్కువ, కోసిన స్ప్రింగులో ఊగే చోటు తక్కువ, నా చేతిలో ఇంతకంటే లేదు సార్ అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన చాలాసేపు టోపీ నలిపాడు.

నువ్వు చెప్పనన్నావు. సరే. నీ దగ్గర చెప్పని మాట ఒకటుంటే మా దగ్గరా ఒకటుంది. ఒట్టు వేయించుకుంది కనక రాయను. రేపు క్యాంపుకి వెళ్తున్నా. అక్కడ ఫోను పలకదు, ఉత్తరమైతే వస్తుంది.

నీ,
బావ

*

ప్రియమైన బావకి,

ఈసారి వెటకారం లేదు, పక్కన పెట్టాను.

నిన్న ఒక టాక్సీ ఆయన కారు వెనక కుంగిందని తెచ్చాడు. నేను ఎప్పట్లాగే చక్రం మధ్య నుంచి మడ్గార్డు అంచు దాకా టేపు పెట్టాను. పెట్టగానే నీ ఉత్తరంలో చక్రవర్తి పెట్టిన టేపు గుర్తొచ్చింది. కారు ఎత్తు ఎవరైనా అక్కడే కొలుస్తారు. సరదాకి దించుకునే కుర్రాళ్ళయితే మడ్గార్డుకీ టైరుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూస్తారు. నేల నుంచి సీటు దాకా ఎవరూ కొలవరు. ముప్పై మూడేళ్ళలో నేను ఒక్కసారీ కొలవలేదు. పక్కన ఇంకో సీటు ఉన్నవాళ్ళకే ఆ లెక్క కావాలి, ఒక దాన్నించి ఇంకోదానికి జరగాల్సినవాళ్ళకి.

టాక్సీని జాకీ మీదే వదిలేసి పెద్దాసుపత్రి ఎదురుగా ఉండే సామాన్ల షాపుకి నడిచాను. టేపు జేబులోనే ఉంది. చక్రాల కుర్చీ చూపించమన్నాను. ఎవరికండీ అన్నాడు. తెలీదన్నాను. నేల నుంచి సీటు దాకా పెట్టాను.

పంతొమ్మిది.

గడప అందుకే తీశారు. గట్టు అందుకే దించారు. నేను గేదె అన్నాను.

నువ్వు ఒట్టు తప్పొద్దు. జవాబు రాయొద్దు. ఇది నీకు చేరేసరికి నేను మీ ఇంట్లో ఉంటాను.

నీ బామ్మర్ది,
పానా

*

ప్రియమైన బావకి,

మీ ఇంట్లో, నీ బల్ల మీద, నీ పెన్నుతో రాస్తున్నా. నీ పెన్ను సిరా కక్కుతోంది.

గేటు తీసేసరికి అక్క వాకిట్లోనే ఉంది, కుర్చీలో. నన్ను చూసి మొదట అన్న మాట, "షట్టరు దించేసి వచ్చావా?" నేను, "తాళం కూడా వేశా" అన్నాను. "చూశావా, ఇందుకే చెప్పొద్దన్నాను మీ బావకి" అని మొహం అటు తిప్పుకుంది. నేను పక్కన నేల మీద కూర్చున్నాను. ఎదురుగా గోడ. మంచి గోడ, సున్నం వేయించాలి.

తర్వాత తనే చెప్పింది. ఎండల మొదట్లో మెట్ల మీద జారడం, తుంటి విరగడం, రెండు ఆపరేషన్లు, ఎడమ కాలు ఇంక బరువు మోయదనడం. ఎత్తి కూర్చోబెట్టడానికి నువ్వుంటే సరే, నువ్వు క్యాంపులో ఉన్న పది రోజులూ ఎవర్ని ఎత్తమంటుంది? టీచరమ్మ కారు నడపగలదు గానీ మనిషిని ఎత్తలేదు. ఎత్తగలిగినా అక్క ఎత్తనివ్వదు. "నా అంతట నేను ఎక్కాలిరా, అంతే నాకు కావాల్సింది" అంది. ఆ అంతేని నేను రెండు ఉత్తరాల్లో ఎంత ఎగతాళి చేశానో నీకు తెలుసు, తనకీ తెలుసు. "నిన్ను దించడానికి ముందు ఎత్తాలి కదరా, ఎవడివల్ల అవుతుంది?" అంది. ఊబకాయం నీకొక్కడికే కాదు బావా, ఒప్పుకుంటున్నా.

ఇప్పుడు అసలు మాట. సాయంత్రం కారు తలుపు తీసి, ఆ పక్క సీటు కింద చెయ్యి పెట్టాను. ఉన్నాయి. నాలుగు ఇనప దిమ్మలు, ఒక్కోటి అంగుళం మందం. రోడ్డు కనపడట్లేదని అక్క గొడవ పెట్టిన రోజు సీటు కాళ్ళ కింద నేను పెట్టి బిగించినవి. పైన కార్పెట్టు కప్పేశాను, ఎవరికీ తెలీకూడదని, పనితనం అనుకుని. నీ మొదటి ఉత్తరం అందగానే ఎందుకని నేను ఒక్క మాట అడిగి ఉంటే, పది నిమిషాల్లో ఒక అంగుళం దిగేది. పలచటి టైర్ల పనే ఉండేది కాదు. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్న ఆ రోజులన్నీ అక్క కళ్ళు మూసుకుంది. ఇది ఎవరి మీదా తోసేది కాదు.

మర్నాడు చక్రవర్తి షాపుకి వెళ్ళాను. మీ ఊరొచ్చే బస్సులోనే మూడు తిట్లు తయారు చేసుకున్నా, ఒకదాన్ని మించి ఒకటి. ఆయన బయటికొచ్చి, చెయ్యి ఇచ్చే ముందు గుడ్డతో తుడుచుకుని, "మీరు వేసిన బోల్టులు చూశాను సార్. తుప్పు పట్టకుండా ఒక్కోదానికి గ్రీజు పూసి బిగించారు. కోస్తుంటే తప్పు చేస్తున్నట్టే ఉంది" అన్నాడు. మూడు తిట్లూ విప్పకుండానే సంచిలో ఉన్నాయి, నీకేమైనా పనికొస్తే తీసుకో.

పాత చక్రాలు ఆయన పారేయలేదు. గోనె చుట్టి మూల పెట్టాడు. ఎందుకయ్యా అంటే, "మీరు వస్తారనిపించింది" అన్నాడు. ఇలాంటి మనిషిని చూసి కుళ్ళుకోకుండా ఎలా ఉండాలో నాకు తెలీట్లేదు.

ఆయన ఆ చక్రాలు ఆటోలో వేసుకుని మీ వాకిట్లోకి వచ్చాడు, ఇద్దరం ఒకే కారు కింద పడుకున్నాం. ఆయన కుడివైపు, నేను ఎడమవైపు. కోసిన స్ప్రింగులు తీసేసి, నేను మా ఊళ్ళో కొలత చెప్పి చుట్టించి తెచ్చిన పొట్టి స్ప్రింగులు, వాటికి సరిపడే షాక్ అబ్జార్బర్లు వేశాం. అదొక అంగుళం. లావు టైర్లు మళ్ళీ ఎక్కించాం. సీటు దిమ్మలు నేనే తీశాను, ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. అదొక అంగుళం. పానాలు అక్క అందించింది, కుర్చీలోంచి. నేను పద్నాలుగు అడిగితే పన్నెండు ఇచ్చింది. చక్రవర్తి అడిగితే అడిగినదే ఇచ్చింది. అది గమనించాను. నాకు బాగానే అనిపించింది.

టేపు ఆయన పెట్టాడు. పంతొమ్మిది.

అక్క కుర్చీని తలుపు పక్కకి తెచ్చి, బ్రేకు వేసి, రెండు చేతులూ ఆనించి, ఒక్కసారి జరిగింది. ఎవరూ పట్టుకోలేదు. నేను పట్టుకోబోతే చేతి మీద ఒకటి ఇచ్చింది. ఊరి చివరి దాకా నేనే నడిపాను, గుంతలన్నీ వెతికి మరీ దింపాను. అన్నింటికీ కళ్ళు తెరిచే ఉంది. కాకపోతే దిమ్మలు తీశాక రోడ్డు మళ్ళీ కనపడట్లేదని గొడవ మొదలుపెట్టింది. ఈసారి మందు దిండే.

ఇంకొక్క మాట ఉంది బావా, అది రాయడానికే కూర్చున్నా. నాకు కోపం కారు గురించి కాదు, చక్రవర్తి గురించీ కాదు. మీరిద్దరూ సామాను ఎక్కించుకుని ఆ కారులో మా వీధి మలుపు తిరిగిన రోజు నుంచీ నాకు

హారన్ మోగుతోంది. ఈ పూట అక్కకి ఆస్పత్రిలో వ్యాయామం ఉంది. నేనింకా రాసుకుంటుంటే తనే వెళ్ళి కూర్చున్నట్టుంది, కిటికీలోంచి చూస్తే కుర్చీ వాకిట్లో ఖాళీగా ఉంది. "ఒరేయ్ పానా, వస్తావా, చక్రవర్తిని పిలవనా?" అంటోంది.

వస్తున్నానని అరిచాను. మళ్ళీ కొడుతోంది. ఆ మాట ఏంటంటే బావా, ఆ రోజు నుంచీ నేను