బాపట్లలో బుద్ధుడూ స్టోయిక్కులూ

ఫిబ్రవరి 3, మంగళవారం

రేపల్లె స్టేషన్. రైలు కిటికీ ఊచకు ఎవరో కట్టి వదిలేసిన చామంతి దండ. పూలు వాడాయి, దారం ముడి మాత్రం బిగువుగానే ఉంది.

తెనాలి వచ్చేదాకా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. గ్రీకు దేశపు తత్వవేత్తలు స్టోయిక్కులు, మన బుద్ధుడు... ఎన్నడూ కలుసుకోనివాళ్లు, ఒకే మాట! దుఃఖం జరిగినదానిలో లేదు, మనం పట్టుకున్న పట్టులో ఉంది. ఎంత గట్టిగా గీత గీశానో, పెన్సిల్ విరిగింది.

4, బుధ

శనివారం బాపట్ల కాలేజీలో సెమినార్. నా పేరు ఇచ్చేసింది మా క్లాసు రజియా, నన్నడక్కుండా. "నువ్వు మాట్లాడకపోతే బుద్ధుడి గురించి నేనే చెప్తానే. తర్వాత ఆయన ఖర్మ."

మైకు ముందు నేను!

5, గురు

కాదు, ఇద్దరి మాటా ఒకటి కాదు! గాలి నీ చేతిలో లేదు, తెడ్డు ఉంది, సరిగ్గా వెయ్యి అంటారు స్టోయిక్కులు. మనసులో కోట కట్టుకుంటారు. లోకాన్ని ఒక వివేకం నడుపుతోందని వాళ్ల నమ్మకం. బుద్ధుడు ఆ కోటలోకే దీపం పట్టుకుని వెళ్తాడు — కాపలా ఎవరు? 'నేను' అంటూ ఎవరూ లేరు!

అన్నం చల్లారింది. మామ్మ: "ఏంటే, గోడతో ఇంత బాగా మాట్లాడతావు, మనుషులతో మాట్లాడవేం?"

6, శుక్ర

స్టోయిక్కులతో మొదలుపెట్టాలా, బుద్ధుడితోనా. ఏదైనా మొదటి అక్షరమే కష్టం.

7, శని

పిలిచారు. లేచాను. కాన్వెంటు బళ్లోలాగే చేతులు వెనక్కి కట్టుకుని, అధ్యక్షులవైపు తిరిగి — "గుడ్ మార్నింగ్, సిస్టర్."

తెల్ల మీసాల సారు! హాలంతా నవ్వు. రజియా అయితే బల్లమీద పడి. సారు — "పర్లేదమ్మా, మా ఇంట్లో ఇంతకన్నా ఎక్కువే అంటారు."

కాగితం మడిచేశాను. "ఈ నవ్వు నా చేతిలో లేదండి. స్టోయిక్కులు ఇక్కడ ఆగుతారు. నవ్వుకు నొచ్చుకున్న ఆ 'నేను' ఏది, చూపించమంటాడు బుద్ధుడు."

చివరిదాకా చెప్పాను. నేనే!

వెనక నుంచి ఒకాయన: "ఇంతకీ మీరు నొచ్చుకున్నారా అండి?"

"నొచ్చుకున్నానండి. రెండు పద్ధతుల్లోనూ."

మళ్లీ నవ్వు. ఈసారి నేనూ.

8, ఆదివారం

మామ్మ చర్చికి బయల్దేరుతుంటే సారు ఫోన్. వచ్చే నెల తెనాలిలో గంటసేపు మాట్లాడాలట. "నెమ్మదిగా చెప్పమ్మా, తొందరేం లేదు." అవుననలేదు, కాదనలేదు.

వెళ్లాలని ఉంది — ఎంతగానో. దక్కితే మంచిదే, దక్కకపోయినా లోటు లేదంటారు స్టోయిక్కులు. ఆ కోరికే దాహం అంటాడు బుద్ధుడు. మామ్మ చర్చి నుంచి వచ్చి గుమ్మంలోనే — "ఏం చెప్పావే ఆయనకి?"

నాకు నత్తి. నిన్న హాల్లోనూ ఉంది, అయినా చెప్పాను.