అమ్మోరి గంగ

అన్నయ్యకి తమ్ముడు సూరి దండాలు. అమ్మకి, వదినకి, పైడమ్మక్కకి నా తరఫున చెప్పు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారనే అనుకుంటున్నాను గానీ, అక్క సంగతి తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. నిన్న ఇచ్చిన టెలిగ్రాం అందే ఉంటుంది. అక్కకి సూది గుచ్చనివ్వద్దు, ఉత్తరం వస్తోంది అన్నంతవరకే అందులో పట్టింది. ఎవరు పోయారోనని అమ్మ గుండెలు బాదుకుని ఉంటుంది. ఎవరూ పోలేదు. పోకూడదనే ఇచ్చాను. ఈ ఉత్తరం పొలానికి పట్టుకెళ్ళి ఒక్కడివే చదువు. అరుగు మీద కూర్చుని పైకి చదవకు, అక్క వింటుంది.

ముందు నువ్వు అడిగినవి చెప్పేస్తాను. ఈ ఉత్తరాదిలో చలి ముదిరింది. పొందూరు దుప్పటి మీద కోటు కప్పుకున్నా పళ్ళు టకటకమంటున్నాయి. రెండు పూటలా రొట్టెలే. వదిన ఇచ్చిన గోంగూర పచ్చడి జాడీ అడుగంటింది. తెలుగు మాట వినిపించి ఎన్నాళ్ళయిందో. ఊసుపోక మా లేబరేటరీ కుక్కలతో తెలుగులో మాట్లాడుతున్నాను. అవి తోకాడిస్తూ చేతులు నాకడానికొస్తాయి. నేను గబుక్కున వెనక్కి తీసుకుంటాను.

"పశువుల డాక్టరీ సదివి పురుగులు ఏరుకోడమేట్రా" అని స్టేషన్లో నవ్వావు కదా. ఆ పురుగుల మాటే ఇప్పుడు మనింటికి కావలసి వచ్చింది. పశువుల నుంచి మనుషులకి అంటుకునే పురుగుల మీద మా పరిశోధన. కొన్ని గొర్రెల కార్జంలో, ఊపిరితిత్తుల్లో తెల్లటి నీటిబుడ్డలు ఉంటాయి. కబేళా నుంచి అవి తెచ్చి కుక్కలకి పెడతాం. కొన్ని వారాలకి వాటి పేగుల నిండా నూకల్లాంటి తెల్ల పురుగులు. కుక్కకి మాత్రం ఏమీ అవదు. బొచ్చు నిగనిగలాడుతూ ఉంటుంది, నన్ను చూస్తే గెంతుతుంది. పురుగుల గుడ్లు దాని పెంటలో పడి, ఒంటికీ నాలుకకీ అంటుతాయి. గడ్డితో గొర్రె కడుపులోకి, చేతి ముద్దతో మనిషి కడుపులోకి పోతాయి. అక్కడ ఒక్క గుడ్డు మళ్ళీ బుడ్డవుతుంది. నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా, ఏళ్ళ తరబడి పెరుగుతుంది.

ఒక బుడ్డని నేనే కోశాను. లోపల కొబ్బరినీళ్ళంత తేటనీరు. అందులో చిన్న బుడ్డలు తేలుతున్నాయి. వాటిని కోస్తే ఇంకా చిన్నవి. మా ప్రొఫెసరుగారు పెద్దదాన్ని తల్లి అంటారు, లోపలివాటిని కూతుళ్ళు, వాటి లోపలివాటిని మనవరాళ్ళు. అడుగున సన్నటి ఇసకలా ఏదో ఉంది. ఒక చుక్క తీసి, ఒంటి వేడికి వెచ్చబెట్టి మైక్రోస్కోపు కింద చూశాను. ఆ ఇసకలో ప్రతి రేణువూ ఒక తల. తల చుట్టూ కొక్కేలు. వేడి తగలగానే, పొద్దెక్కాక పిల్లలు దుప్పట్లోంచి తలలు బయటపెట్టినట్టు, ఒక్కొక్కటీ బయటికొచ్చింది. ఆ రోజు నేను రొట్టె ముట్టలేదు.

నీ ఉత్తరం మొన్న వచ్చింది. ఇన్నేళ్ళకి అక్క కడుపు పండిందని ముందే రాశావు, ఎంత మురిసిపోయానో. ఇప్పుడేమో నెలలు నిండి దాటిపోయినా నొప్పులు రాలేదని, బిడ్డ ఒక్కసారీ కదల్లేదని, ఎత్తంతా కుడి డొక్క కిందే ఉందని రాశావు. మంత్రసాని ముత్యాలు చెయ్యి వేసి అన్న మాట కూడా ఉన్నదున్నట్టు రాశావు: "లోపల నీటిబుడ్డ ఆడతన్నాది. పిల్ల ఆ నీట్లో తొంగున్నాది. అమ్మోరి పండగెల్లాక సూదేసి నీరు తీసేత్తే లెగుస్తాది."

లెగుస్తాది అన్న మాట దగ్గర ఆగి, ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను.

మన పండగ గుర్తుకి తెచ్చుకో అన్నయ్యా. పొట్టేలు కార్జంలో బుడ్డ కనబడితే అది అమ్మవారి గంగ. కుండలో వెయ్యకూడదు, నేల మీద పారబొయ్యకూడదు, ఇంటి ఆడపిల్ల చేత్తో గుడి దగ్గరి కుక్కకి పెట్టాలి. "ఒసే పైడమ్మా, సేత్తో పెట్టు, సుక్క కింద పడనీకు" అని నాయనమ్మ అరిచేది. మన ఇంటి వంతు ఎప్పుడూ అక్కదే. కుక్క ఆమె చేతులు శుభ్రంగా నాకేది. అదే చేత్తో అక్క ప్రసాదం ముద్దలు కలిపి మనకి పెట్టేది. పెళ్ళయ్యాక కడుపు పండాలని మొక్కుకుని మరీ పెట్టింది. మనం అమ్మవారికి ఏ లోటూ చెయ్యలేదు. అందుకే ఇలా అయిందేమోనని నా భయం.

ఉత్తరం ప్రొఫెసరుగారికి చదివి వినిపించాను. ఆయన ముఖం మారిపోయింది. సూది గుచ్చితే ఆ నీరు కడుపంతా చిందుతుంది, మనిషి అక్కడికక్కడే పోవచ్చు, బతికినా ప్రతి రేణువూ ఇంకో బుడ్డవుతుంది, తపాలాఫీసు మూసేలోపు పరిగెత్తు అన్నారు. చూడకుండా రూఢిగా చెప్పలేం అని కూడా అన్నారు. అక్క కడుపులో ఉన్నది బుడ్డన్న నా మాట అబద్ధమై బిడ్డే పుడితే ఊరంతా ఎత్తుకు తిప్పుతాను. కానీ నువ్వు ఆగకు. పండగ చూసుకుని వెళ్దామని అమ్మ అంటే వినకు. ఉత్తరం అందిన రోజే అక్కనీ బావనీ విజయనగరంలో రైలెక్కించు. నెల్లిమర్ల మిల్లులో బావకి సెలవివ్వకపోతే నువ్వే వెళ్ళు. కొత్తవలస దాటాక బండి ఎక్కువ కుదుపుతుంది, పక్కన దిండ్లు పెట్టి పడుకోబెట్టు. విశాఖ పెద్దాసుపత్రిలో పొట్ట కోసి, బుడ్డ పగలకుండా తీయగల డాక్టర్లున్నారట. వాళ్ళకి గొర్రె కార్జంలో ఉండే బుడ్డ లాంటిదని చెప్పు, తెలుస్తుంది. నాకు సెలవు దొరికింది. తిన్నగా అక్కడికే వస్తాను.

ఈసారి బుడ్డ కనబడితే నిప్పుల్లో వేసెయ్యండి. అగ్నికిస్తే అమ్మవారికి కోపం రాదు. మన కుక్క ఎర్రోణ్ణి కట్టెయ్యి. కొట్టకు, దానికేం తెలుసు. నీ పిల్లలు దాని మూతి ముద్దుపెట్టుకోవడం మాత్రం మాన్పించు. పచ్చడి జాడీ విశాఖకే తీసుకురా.

అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు మొక్కు. అక్కకి ఏమీ చెప్పొద్దు, నేనే చెబుతాను. ఎలా చెబుతానో నాకూ తెలీదు. నీ ఉత్తరం చివర తను రాయించింది కదా: "ఒరే సూరీ, సదూకున్నోడివి, మంచి పేరొకటి ఏరి పంపు. ఆడపిల్లేనని నాకు తెలుసు." దానికి పేరు ఉందన్నయ్యా. రోజూ ఆ పేరు చీటీల మీద రాసి, లేబరేటరీలో బుడ్డలు దాచిన సీసాలకి అంటించేది నేనే. అక్క అడిగితే మాత్రం, తమ్ముడికి ఇంకా ఏ పేరూ తోచలేదట అని చెప్పు.

నీ తమ్ముడు
సూరి