జల్లెడకు తెలియని మరక

విడీ ఘర్కుల్, సోలాపూర్
12-3-1991

అన్నకు చంద్రభాగ నమస్కారాలు. నా పని గురించి ఎవరో చెప్పింది విని బెంగపడకు, జరిగింది ఇది.

గాజు ఫ్యాక్టరీకి పలుగురాతి ఇసుక పంపే మా కార్ఖానాలో, రాళ్లు మరలో వేసే ముందు ఎర్ర మరకలున్నవాటిని మేం ఐదుగురు ఆడవాళ్లం చేత్తో ఏరేసేవాళ్లం; ఆ ఎరుపు ఇనుముది, కలిస్తే గాజు ఆకుపచ్చగా వస్తుంది. మాతో పని చేయించే కొత్త ముకాదం ఆ పని దండగని మాన్పించి, మమ్మల్ని ఇసుక ఎత్తడానికి మార్చి, అంతా జల్లెడకే వదిలాడు. గాజు ఆకుపచ్చగా వచ్చిందని లారీ ఇసుక తిరిగొచ్చింది. అతను సేఠ్ ముందు నేరం మా మీదికి తోశాడు. "ఈళ్లవి బీడీలు చుట్టే చేతులు సాబ్, తంబాకు అంటి ఖరాబైంది."

నాకు ఒళ్లు మండింది. "జల్లెడ సన్నం, దొడ్డు చూస్తది గాని ఎరుపు చూస్తదా?" అని, తిరిగొచ్చిన ఆ ఇసుక కుప్పలోంచే పిడికెడు ఎర్ర పలుకులు ఏరి సేఠ్ బల్ల మీద పోశాను. ఆయన వాటిని వేలితో కదిపి చూశాడు. మర్నాడు మళ్లీ ఏరడానికి రమ్మని కబురు పంపాడు. ముకాదం అందరి ముందు ఆ మాట వెనక్కి తీసుకునేదాకా రామని ఐదుగురమూ చెప్పాం. అంతవరకు ఇంట్లో బీడీలు చుడుతున్నాను.

అమ్మ కంటి చుక్కలు ఆపకు. వదినకు నెలలు నిండాయి కదా, మంత్రసాని కుదిరిందా? లేకుంటే వెంటనే రాయి, వస్తాను. ఇప్పుడు ఎవరినీ సెలవు అడగనక్కర్లేదు.

అమ్మకు దండాలు, పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు
చంద్రభాగ